నలభై పాయింట్లలో ఒక నౌకాదళం

క్యాంపస్ ఇంటర్వ్యూ. టెక్నికల్ ప్రశ్నలన్నీ అయిపోయాయి. రెజ్యూమె చివరి లైను మీద ఇంటర్వ్యూ చేసే ఆయన చూపు ఆగింది. ‘హాబీ గేమ్స్ అని రాశారు. ఏ గేమ్?’ అంటారు. పేరు చెప్పేస్తారు. ‘అందులో మీరు తీసుకున్న ఒక నిర్ణయం చెప్పండి. ఎందుకలా చేశారు?’ ఇక్కడ చాలామంది నీళ్లు నములుతారు. ఏళ్ల తరబడి ఆడినా, ఆడేటప్పుడు ఏం ఆలోచించారో ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు మరి!

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం నేర్పే ఒక చిన్న ఆట ఉంది. దాని ముడిసరకు సముద్రపు దొంగలు, ఓడలు, బంగారు నాణేలు. అందులో గెలుపోటములు చాలావరకు ఆట మొదలవకముందే, మీ నౌకాదళాన్ని ఎంచుకునే దగ్గరే ఖాయమైపోతాయి.

ఏంటీ ఆట?

పేరు ‘పైరేట్స్ ఆఫ్ ద స్పానిష్ మెయిన్’. అమెరికాకు చెందిన విజ్‌కిడ్స్ సంస్థ 2004లో విడుదల చేసింది. ఆ సంస్థను 2000లో స్థాపించిన జోర్డాన్ వైస్‌మన్ అంతకు ముందే, 1980లో, ఫాసా అనే మరో గేమ్ కంపెనీని పెట్టిన వాళ్లలో ఒకరు. కరీబియన్ సముద్రం చుట్టూ ఒకప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉన్న తీరాన్నే స్పానిష్ మెయిన్ అనేవారు.

చిన్న ప్యాకెట్లో మన ఏటీఎం కార్డు సైజున్న ప్లాస్టిక్ కార్డులు వస్తాయి. వాటిలోంచి ముక్కలు ఊడదీసి, ఒకదానికొకటి గుచ్చితే తెరచాపలతో సహా బుల్లి ఓడ తయారవుతుంది. లోపల ఏ ఓడ ఉందో ప్యాకెట్ విప్పేదాకా తెలియదు. అందుకే సేకరణ అలవాటైంది. స్పానిష్, ఇంగ్లిష్, పైరేట్ ఓడలతో మొదలై, తర్వాతి సిరీస్‌లలో ఫ్రెంచివాళ్లు, అమెరికన్లు, బార్బరీ కోర్సెయిర్లు, వైకింగ్‌లు కూడా చేరారు. 2003లోనే విజ్‌కిడ్స్‌ను కొనేసిన టాప్స్ సంస్థ 2008 నవంబరులో దాన్ని మూసేసింది. మరుసటి ఏడాది నెకా అనే మరో కంపెనీ ఆ సంస్థను కొనుక్కుంది. ఆట మాత్రం అభిమానుల డబ్బాల్లో బతికే ఉంది.

ఆడే తీరు తేలికే. బల్ల మీద దీవులు పేర్చి, నాణేలు బోర్లా పెడతారు. ఓడలు వెళ్లి వాటిని తమ సొంత దీవికి తెచ్చుకోవాలి. దారిలో ఎదుటివాడి ఓడల మీద ఫిరంగులు పేల్చొచ్చు. చివరికి ఎవరి దగ్గర ఎక్కువ బంగారం ఉంటే వాళ్లే విజేత. కొలబద్ద కూడా కార్డే! పొట్టి అంచు ‘ఎస్’, పొడవు అంచు ‘ఎల్’. ఏటీఎం కార్డు లెక్కన సుమారు 5.4 సెంటీమీటర్లు, 8.6 సెంటీమీటర్లు.

అసలు మెలిక ఒక్కటే. ప్రతి ఓడకూ, ప్రతి సిబ్బందికీ ఓ పాయింట్ల ధర ఉంటుంది. సాధారణ ఆటలో మీ దళం మొత్తం ధర 40 పాయింట్లు దాటకూడదు.

ముందు థీమ్, తర్వాతే ఓడలు

కొత్తగా ఆడేవాళ్లు తమ దగ్గరున్న వాటిలో ఖరీదైన ఓడలన్నీ ఏరుకుంటారు. రెండు ఓడలకే పాయింట్లు అయిపోతాయి. కాస్త అనుభవం వచ్చినవాళ్లు ముందు ‘నా దళం చేయాల్సిన పని ఏంటి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో చెప్పే జవాబే థీమ్.

ఆట స్పానిష్ మెయిన్‌దే కాబట్టి థీమ్‌ను అక్కడి చరిత్ర నుంచే తీసుకుందాం. 1560ల నుంచి స్పెయిన్ తన వెండి, బంగారాలను అమెరికా ఖండాల నుంచి ఒంటరి ఓడల్లో కాకుండా బారులు తీరిన కాన్వాయ్‌లుగా తరలించింది. ఒకటి కార్టహీనా, పోర్టోబెలో వైపు, ఇంకొకటి వెరాక్రూజ్ వైపు వెళ్లేవి. తిరుగు ప్రయాణానికి క్యూబాలోని హవానా మజిలీ. ముందు ‘కపితానా’ అనే యుద్ధనౌక, వెనక ‘అల్మిరాంతా’ అనే ఇంకో యుద్ధనౌక, నడుమ సరకు ఓడలు. దొంగలకు దొరికేది ఒంటరిగా వెనకబడిన ఓడే కాబట్టి గుంపుగా వెళ్లడమే రక్షణ.

ఆ పద్ధతీ ప్రతిసారీ కాపాడలేదు. 1628లో డచ్ నావికుడు పీట్ హైన్ క్యూబాలోని మతాన్‌జాస్ అఖాతంలో ఒక కాన్వాయ్‌నే పట్టేశాడు. 1715లో ఇంకో కాన్వాయ్ ఫ్లోరిడా తీరంలో తుపానుకు బలైంది. అంటే గుంపుగా వెళ్లడంలో భద్రత ఉంది, ప్రమాదమూ ఉంది. మన థీమ్‌కు ఇంతకన్నా మంచి పునాది ఎక్కడ దొరుకుతుంది?

వాక్యం రాసుకుందాం: ‘రెండు సరకు ఓడలు బంగారం తేవాలి, ఒక యుద్ధనౌక వాటిని కాపాడాలి.’

మొదటి చిత్తుప్రతి

ఇక పాయింట్లు పంచుదాం. కింది ఓడలు కేవలం లెక్క కోసం మనం ఊహించుకున్నవి. సిబ్బందిలో కెప్టెన్‌కు 3, ఓడను వేగంగా నడిపే చుక్కాని మనిషికి 2, అన్వేషకుడికి 1 పాయింటు. గోదావరి లాంచీల మీద చుక్కాని పట్టేవాణ్ని సరంగు అంటారుగా, ఇక్కడా అలాగే పిలుద్దాం.

• యుద్ధనౌక 14, కెప్టెన్ 3, సరంగు 2: మొత్తం 19
• మొదటి సరకు ఓడ, వేగం ఎల్, సరకు గదులు 5: ధర 8, సరంగు 2, అన్వేషకుడు 1: మొత్తం 11
• రెండో సరకు ఓడ, వేగం ఎస్, సరకు గదులు 5: ధర 7, సరంగు 2, అన్వేషకుడు 1: మొత్తం 10

కూడితే సరిగ్గా 40. చూడటానికి ముచ్చటగా ఉంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మనం ఇంకొక్క అడుగు వేద్దాం.

గది ఒక్కటే, పోటీదారులు ముగ్గురు

సరంగు ఉంటే ఓడ వేగానికి ఒక ‘ఎస్’ కలుస్తుంది. అన్వేషకుడు ఉంటే దీవికి చేరిన వంతులోనే నాణేలు తీసుకోవచ్చు. లేకపోతే దానికి ఇంకో వంతు ఖర్చవుతుంది. ఇద్దరూ ఉపయోగపడేవాళ్లే. కానీ ఒక్కో మనిషి ఒక్కో సరకు గదిని ఆక్రమిస్తాడు. ఒక్కో నాణేనికీ ఒక గది కావాలి.

దీవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉంది, దాని మీద నాలుగు నాణేలున్నాయి అనుకుందాం. మొదటి సరకు ఓడతో మూడు రకాలుగా లెక్క వేద్దాం.

• ఎవరూ లేకుండా: వెళ్లడానికి 5 వంతులు, తీసుకోవడానికి 1, రావడానికి 5. మొత్తం 11 వంతుల్లో 4 నాణేలు. ఒక గది ఖాళీ.
• సరంగుతో: 3, 1, 3. మొత్తం 7 వంతుల్లో 4 నాణేలు. ఐదు గదులూ నిండాయి.
• సరంగు, అన్వేషకుడు ఇద్దరితో: 3, 3. మొత్తం 6 వంతులే. కానీ 3 నాణేలే పట్టాయి. నాలుగోది దీవి మీదే ఉండిపోయింది. దాని కోసం మళ్లీ వెళ్లాలి.

సరంగు నాలుగు వంతులు మిగిల్చాడు, నాణెం ఒక్కటీ పోనివ్వలేదు. అన్వేషకుడు ఒక్క వంతు మిగిల్చి ఒక నాణెం పోగొట్టాడు. విడిగా చూస్తే ఒక్క పాయింటుకు దొరికే చవక మనిషి. ఈ ఓడలో మాత్రం భారం. అదే అన్వేషకుడు గదులు ఎక్కువున్న ఓడలో ఉంటే లెక్క మారిపోతుంది.

ఇక రెండో సరకు ఓడ. దాని వేగం ఎస్. సరంగు ఉన్నా ఎస్, ఎస్ కలిపి 10.8 సెంటీమీటర్లే. అదే దీవికి ఒక్కో వైపు 4 వంతులు, అన్వేషకుడు ఉన్నా మొత్తం 8. కాన్వాయ్ నడిచేది అందరికంటే నెమ్మదైన ఓడ వేగంతోనే కదా! మిగతా రెండూ దాని కోసం ఆగాల్సిందే.

కాబట్టి దిద్దుబాటు. అన్వేషకులు ఇద్దర్నీ తీసేస్తే 2 పాయింట్లు మిగిలాయి. వాటితో 7 పాయింట్ల ఓడ బదులు, ఎల్ వేగంతో వెళ్లే 9 పాయింట్ల ఓడ తీసుకుందాం. మొత్తం మళ్లీ 40. ఇప్పుడు మూడు ఓడలూ ఒకే వేగంతో కదులుతాయి. ఖర్చు అదే, దళం మాత్రం వేరే.

ఫిరంగి లెక్క

ఓడకు ఎన్ని తెరచాప స్తంభాలో అన్ని ఫిరంగులు. ప్రతి ఫిరంగికీ ఒక అంకె ఉంటుంది. పాచికలో దానికంటే ఎక్కువ పడితే గురి తగిలినట్టు. అంకె 2 అయితే 3, 4, 5, 6 ఏది పడినా చాలు, ఆరింట నాలుగు అవకాశాలు. అంకె 4 అయితే ఆరింట రెండే.

మన యుద్ధనౌక ఫిరంగుల అంకెలు 2, 2, 3, 4 అనుకోండి. అన్నీ దగ్గరి నుంచి పేలిస్తే సగటున 2.2 దెబ్బలు తగులుతాయి. కానీ దెబ్బ తిన్న ప్రతిసారీ ఒక స్తంభం, దాంతోపాటు ఒక ఫిరంగి పోతుంది. మంచివైన ఆ రెండు ‘2’లూ ముందే పోయాయనుకోండి, సగటు 0.8కి పడిపోతుంది. అందుకే ముందు పేల్చినవాడిదే పైచేయి. కెప్టెన్ ఉన్న ఓడ ఒకే వంతులో కదిలి, పేల్చగలదు. లేకపోతే రెంటిలో ఏదో ఒకటే. అందుకే ఆ 3 పాయింట్లు యుద్ధనౌక మీద పెట్టాం, సరకు ఓడల మీద పెట్టలేదు.

థీమ్‌కి కట్టే మూల్యం

థీమ్ ఉచితంగా రాదు. దళం మొత్తం స్పానిష్ అనుకున్నాక, డబ్బాలో ఎంత గొప్ప ఇంగ్లిష్ ఓడ ఉన్నా ముట్టుకోకూడదు. లాభమూ ఉంది. సిబ్బంది నైపుణ్యం తమ దేశపు ఓడలోనే పనిచేస్తుందన్నది ఆట నియమం. ఒకే దేశపు దళంలో ఎవర్ని ఎక్కడికి మార్చినా పని ఆగదు.

ఇంకో చిక్కు. నాలుగు నాణేల దీవికి రెండు సరకు ఓడలూ కలిసి వెళితే, రెండోది దాదాపు ఖాళీగా తిరిగొస్తుంది. విడిపోతే యుద్ధనౌక ఒక్కదాన్నే కాపాడగలదు. పక్కపక్కనే ఉన్న రెండు దీవుల్ని ఎంచుకుని, మధ్యలో యుద్ధనౌకను నిలపడం ఒక రాజీ. అలాంటి దీవులు దొరకని రోజున ఈ దళం ఓడిపోవచ్చు కూడా. తన దళం ఎక్కడ ఓడిపోతుందో ముందే చెప్పగలిగినవాడే దాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నట్టు.

ఇంట్లోనే చేసి చూడండి

ఈ ఆట కొనాల్సిన పనిలేదు. పాత ప్యాకెట్ల కోసం డబ్బు తగలేయకండి.

• పాత శుభలేఖల అట్ట కత్తిరించి ఓడలు, దీవులు, నాణేలు చేసుకోండి. కొలవడానికి ఏటీఎం కార్డు చాలు.
• పది ఓడలకు ధర, వేగం, గదులు, ఫిరంగుల అంకెలు మీరే నిర్ణయించండి. ఎక్సెల్ షీట్‌లో రాయండి.
• ఇద్దరు స్నేహితులు చెరో థీమ్‌తో 40 పాయింట్ల దళం కట్టాలి. థీమ్ వాక్యం ముందే రాసి పెట్టుకోవాలి.
• ఐదుసార్లు ఆడండి. ప్రతిసారీ వంతులు, తెచ్చిన నాణేలు, పోయిన ఓడలు నోట్ చేయండి.
• తర్వాత ఒక్క మార్పే చేసి మళ్లీ ఐదుసార్లు ఆడండి. ఒకేసారి మూడు మారిస్తే దేనివల్ల ఫలితం మారిందో తెలియదు.
• ఒక ఓడ అందరి దళంలోనూ కనిపిస్తోందంటే దాని ధర తక్కువ పెట్టారని అర్థం. ధర మార్చండి.

చివరి అంశం దగ్గర మీరు ఆటగాడి నుంచి డిజైనర్‌గా మారారు. గేమ్ కంపెనీల్లో సిస్టమ్స్ డిజైనర్లు చేసే పనిలో పెద్ద భాగం ఈ ధరల సర్దుబాటే. ఆడి, లోపాలు రాసిపెట్టే టెస్టింగ్ ఉద్యోగాలూ ఇదే కోవలోవి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి సంస్థకు స్టూడియో ఉంది. డిజైన్ చదవాలనుకునేవారికి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డెస్ కోర్సు ఉంది. అయితే ఫ్రెషర్లకు నేరుగా డిజైనర్ పోస్టులు తక్కువే. ఆ రంగం మీద ఆసక్తి లేకపోయినా నష్టం లేదు. పరిమిత బడ్జెట్, పోటీపడే అవసరాలు, లెక్కతో తీసుకున్న నిర్ణయం... ఆపరేషన్స్, డేటా ఎనలిస్ట్, ప్రాజెక్ట్ ఉద్యోగాలన్నిటా రోజూ ఉండేది ఇదే.

ఇంటర్వ్యూలో ఇలా

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ‘ఒక నిర్ణయం చెప్పండి.’

‘సర్, నాకు 40 పాయింట్ల బడ్జెట్ ఉంది. మొదట అన్వేషకులకు 2 పాయింట్లు పెట్టాను. లెక్క వేస్తే ట్రిప్పుకు ఒక వంతు మిగులుతోంది కానీ ఒక నాణెం పోతోంది. అసలు ఆలస్యం నెమ్మదిగా వెళ్లే ఓడ వల్ల వస్తోందని తేలింది. ఆ 2 పాయింట్లు దాని మీద పెట్టాను. ట్రిప్పు 8 వంతుల నుంచి 7కు తగ్గింది, ఓడకు మూడు బదులు నాలుగు నాణేలు వచ్చాయి. దీవులు దూరదూరంగా ఉంటే మాత్రం ఈ దళం ఇబ్బంది పడుతుంది సర్.’

అర నిమిషం కూడా పట్టదు. ఇందులో బడ్జెట్ ఉంది, తప్పు ఉంది, దిద్దుబాటు ఉంది, అంకె ఉంది, మిగిలిన లోపాన్ని ఒప్పుకోవడమూ ఉంది. మీ హాబీ క్రికెట్ జట్టు ఎంపిక అయినా, హాస్టల్ మెస్ బడ్జెట్ అయినా జవాబు ఇదే వరసలో రాయొచ్చు. ఈ రాత్రికే ఒక కాగితం తీసుకుని రాసి చూడండి. అంకె దొరకని చోట ఆగి లెక్క వేయండి. రేపటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.