కొడవలికి కాస్త నూనె

కోతలు ముగిశాయి. కొడవలిని చూరులో చెక్కారు. నెలలు గడిచాయి. వానలు కురిశాయి. చూరు నాని ఆరింది, ఆరి మళ్ళీ నానింది. కొడవలి ఊసు ఎవరికీ పట్టలేదు. మళ్ళీ కోతలు వచ్చాయి. చూరులోంచి కొడవలి తీసి చూస్తే ఏముంది? అలుగంతా ఎర్రగా, గరుకుగా ఉంది. పళ్ళు మొండిబారాయి. తుప్పు పట్టింది.

ఇది చాలా ఇళ్ళల్లో జరిగే సంగతే. "తుప్పే కదా, రుద్దితే పోతుంది" అనుకుంటారు. తుప్పు పోతుంది, నిజమే. కాని తనతో పాటు ఇనుమును కూడా తీసుకుపోతుంది.

నష్టం ఎవరికి?

మొండి కొడవలికి పైరు తెగదు. గట్టిగా లాగాలి. మణికట్టు నొప్పి పుడుతుంది. గుత్తకు కోసేవారికి పని వెనకబడుతుంది. కొడవలి జారితే వేలు తెగుతుంది. మళ్ళీ కొలిమికి వెళ్ళి పళ్ళు కొట్టించాలి. డబ్బూ పోతుంది, ఒక పూట పనీ పోతుంది. పళ్ళు కొట్టించిన ప్రతిసారీ అలుగు కొంత అరుగుతుంది. పదేళ్ళు రావలసిన కొడవలి నాలుగేళ్ళకే పాత ఇనుము అవుతుంది.

కోతమిషన్లు వచ్చాయి. అయినా బురద చేలల్లో, చిన్న మడుల్లో, పశువుల గడ్డికి కొడవలే దిక్కు. ఇంట్లో కత్తిపీట, పొలంలో పార, అడవిలో గొడ్డలి ఉండనే ఉన్నాయి. వీటన్నిటికీ శత్రువు ఒక్కటే. అదే తుప్పు.

తుప్పు ఎలా పడుతుంది?

గాలిలో ప్రాణవాయువు ఉంటుంది. దీన్నే ఆక్సిజన్ అంటారు. ఈ ప్రాణవాయువు, తేమ రెండూ కలిసి ఇనుముకు తగిలితే తుప్పు పుడుతుంది. రెండూ ఉండాలి. ఒక్కటి లేకపోయినా తుప్పు పట్టదు.

కావాలంటే ఇంట్లోనే చూడవచ్చు. మూడు గాజు సీసాలు, మూడు కొత్త మేకులు తీసుకోండి.

మొదటి సీసా బాగా ఎండినది కావాలి. అందులో మేకు వేసి మూత గట్టిగా బిగించండి.

రెండో సీసాలో మేకు వేయండి. మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు మేకు మునిగేలా పోయండి. పైన నూనె పోయండి. మరగబెడితే నీళ్ళలోని గాలి పోతుంది. పైన ఉన్న నూనె కొత్త గాలిని రానివ్వదు.

మూడో సీసాలో మేకు సగం మునిగేలా మామూలు నీళ్ళు పోయండి. మూత పెట్టకండి.

వారం తర్వాత చూడండి. మూడో మేకు ఎర్రబడుతుంది. మొదటిదానికి తేమ లేదు. రెండోదానికి గాలి లేదు. అందుకే అవి బాగుంటాయి.

ఉప్పు తగిలితే తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. పులుపు కూడా ఇనుమును తింటుంది. ఆవకాయకు మామిడికాయలు కొట్టిన కత్తిని కడగకుండా వదిలేస్తే నల్లబడేది అందుకే.

పొర ఉంటే కాపుదల

అల్యూమినియం గిన్నెకు కూడా గాలి తగిలి సన్నని పొర పడుతుంది. అది గిన్నెను అంటిపెట్టుకుని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు. పొలుసులుగా లేచి రాలిపోతుంది. కింద కొత్త ఇనుము బయటపడుతుంది. దానికీ తుప్పు పడుతుంది.

ఢిల్లీలో కుతుబ్ మీనార్ దగ్గర ఒక ఇనుప స్తంభం ఉంది. ఎత్తు సుమారు 7 మీటర్లు. బరువు 6 టన్నులకు పైనే. గుప్తుల కాలం నాటిది. సుమారు 1600 ఏళ్ళుగా ఎండలో, వానలో నిలబడి ఉంది. అయినా తుప్పు దాన్ని తినేయలేదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల స్తంభం మీద ఒక గట్టి పొర ఏర్పడింది. ఆ పొరే దాన్ని కాపాడుతోంది. స్టీలు గిన్నెలకు కూడా పొరే రక్ష. వాటిలో క్రోమియం అనే లోహం కలుపుతారు. అది కంటికి కనిపించని పొరను ఇస్తుంది.

మన కొడవలికి అలాంటి పొర లేదు. మనమే వేయాలి. వానలో మనిషికి గొంగడి ఎలాగో, ఇనుముకు నూనె, మైనం అలాగ.

నూనె ఎప్పుడు, మైనం ఎప్పుడు?

రోజూ వాడే కత్తికి నూనె చాలు. నెలల తరబడి దాచే కొడవలికి మైనం మేలు. నూనె కొన్నాళ్ళకు జారిపోతుంది, దుమ్ము పడుతుంది. మైనం గట్టిగా అంటుకుని ఉంటుంది.

ఇలా చేయండి:

1. తుప్పు ఉంటే ఇటుక పొడి, కొబ్బరి పీచుతో రుద్దండి. పదును వైపు వేళ్ళు పెట్టకండి.

2. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పెట్టండి. పిడి దగ్గర తడి దాగి ఉంటుంది. అక్కడ బాగా తుడవండి. తడి మీద నూనె రాస్తే లోపలి తడి లోపలే ఉండిపోతుంది. శ్రమ దండగ.

3. నూనె అయితే రెండు మూడు చుక్కలు చాలు. గుడ్డతో అలుగు రెండు వైపులా పలుచగా రాయండి. కొడవలికి ఆముదం బాగుంటుంది. వంటింటి కత్తికి కొబ్బరి నూనె మంచిది. వాడిన ఇంజను ఆయిలు వంటింటి కత్తికి రాయకూడదు. అది విషం.

4. మైనం అయితే, ఎండకు వేడెక్కిన అలుగు మీద కొవ్వొత్తి ముక్కతో రుద్దండి. మెత్తబడి అంటుకుంటుంది. గుడ్డతో అంతటా పరవండి. వంటింటి కత్తికి తేనెపట్టు మైనం వాడండి.

5. కొడవలిని పొయ్యిలో పెట్టి వేడి చేయకండి. కమ్మరి ఇచ్చిన గట్టిదనం పోతుంది. తర్వాత పదును నిలవదు.

6. చూరులో, తడి గోనెలో దాచకండి. పొడిగా ఉండే గోడకు, పిల్లలకు అందనంత ఎత్తులో తగిలించండి.

తెగితే ఏం చేయాలి?

తుప్పు వల్లనే ధనుర్వాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. ఆ జబ్బు క్రిములు మట్టిలో, పేడలో ఉంటాయి. తుప్పు లేని కొడవలికి మట్టి అంటుకుని ఉన్నా ప్రమాదమే. గాయాన్ని వెంటనే సబ్బు, మంచి నీళ్ళతో కడగాలి. పేడ, సున్నం, బీడీ బూడిద పెట్టకూడదు. ఆసుపత్రికి వెళ్ళి ధనుర్వాతం టీకా అవసరమేమో అడగాలి.

చదివారు కదా! చెప్పండి:

తుప్పు పట్టాలంటే ఏ రెండు కావాలి?
తడి ఆరకముందే నూనె రాస్తే ఏమవుతుంది?
మీ ఇంట్లో కొడవలి ఇప్పుడు ఎక్కడ ఉంది? ఒకసారి తీసి చూడండి.