వాకర్ పట్టుకుంటే బ్యాండ్‌కి అడుగు కనపడదు

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ల చేతికి ఫిట్‌నెస్ బ్యాండ్ కట్టడం ఇప్పుడు చాలా ఇళ్లలో చూస్తున్నాం. కట్టేది మనమే, రాత్రికి యాప్ తెరిచి "ఇవాళ మూడొందల అడుగులేనా? డాక్టర్ నడవమన్నారు కదా!" అని నిలదీసేదీ మనమే. మా అమ్మమ్మ విషయంలో నేను బ్యాండ్‌ని కాదు, ఆవిడ మాటనే నమ్ముతాను. కారణం కోడ్‌లోనే ఉంది.

బ్యాండ్‌లో ఉండే యాక్సిలరోమీటర్ మన కదలికలో వచ్చే మార్పుని మూడు దిశల్లో, సెకనుకి చాలాసార్లు కొలుస్తుంది. నడిచేటప్పుడు చెయ్యి ఊగుతుంది, పాదం నేలని తాకినప్పుడల్లా చిన్న కుదుపు వస్తుంది. గ్రాఫ్ గీస్తే ఇవి వరుసగా శిఖరాల్లా కనిపిస్తాయి. ప్రోగ్రాం చేసేదల్లా ఒక థ్రెషోల్డ్ దాటి, ఒక లయలో వచ్చే శిఖరాల్ని లెక్కపెట్టడమే. థ్రెషోల్డ్ మరీ తగ్గిస్తే కూర కలిపినా అడుగులే! పెంచితే ఇంకో చిక్కు. వాకర్ పట్టుకున్న చెయ్యి ఊగదు, నెమ్మదిగా వేసే అడుగుకి కుదుపూ చిన్నదే. దాంతో నొప్పి ఓర్చుకుని వేసిన అడుగు లెక్కలోకే రాదు.

అందుకే పరిశోధకులు చాలాసార్లు సెన్సర్‌ని తొడకి అంటిస్తారు. కూర్చుంటే తొడ అడ్డంగా, నిలబడితే నిలువుగా ఉంటుంది. గురుత్వాకర్షణ ఏ దిశలో లాగుతోందో చూస్తే చాలు, ఎంతసేపు కూర్చున్నారో తెలిసిపోతుంది. నాకు తెగ నచ్చిన ఐడియా ఇది.

ఇంకో సంగతి. ఆపరేషన్ తర్వాత మాత్రమే కొలిస్తే ఆ నంబర్‌కి పెద్దగా అర్థం లేదు. ముందు కనీసం ఓ వారం డేటా ఉండాలి. పోల్చాల్సింది ఆ మనిషి పాత నడకతోనే, పదివేలతో కాదు. ఆ పదివేల లెక్క 1965లో జపాన్‌లో అమ్మిన ఓ పెడోమీటర్ పేరు నుంచి వచ్చింది, వైద్యం నుంచి కాదు. ఇలా ముందూ తర్వాతా కొలిచిన చాలా అధ్యయనాల్లో తేలిందేంటంటే, ఆరు నెలలకి నొప్పి బాగా తగ్గినా రోజువారీ నడక దాదాపు పాత స్థాయిలోనే ఉండిపోవచ్చు. మోకాలు మారింది గానీ ఏళ్ల తరబడి కూర్చున్న అలవాటు మారలేదు. "బాగానే ఉన్నాను" అనే జవాబులో ఇది దొరకదు.

2021లో అమెరికా ఎఫ్‌డీఏ పర్సోనా ఐక్యూ అనే కృత్రిమ మోకాలికి అనుమతి ఇచ్చింది. దాని సెన్సర్ కాలి ఎముక లోపలే ఉండి అడుగులు, నడక వేగం లెక్కలు పంపిస్తుంది. చెయ్యి ఊగిందా లేదా అన్నది దానికి అనవసరం. మన ఇళ్లలో ఉన్నది మణికట్టు బ్యాండే కాబట్టి, వాకర్ వదిలేదాకా అడుగుల నంబర్ చూడటం మానేసి, ఇవాళ ఎన్నిసార్లు లేచి నడిచారో అడిగి ఓ కాగితం మీద రాసుకోండి.