చిన్న గడ్డికట్టల గిట్టుబాటు

మన జహీరాబాదు ప్రాంతమున జొన్నచొప్పను చేతితో కట్టి వామివేయుట తరతరముల వాడుక. వరిగడ్డి నిప్పుడు యంత్రముచే చిన్నకట్టలుగా చుట్టించుచున్నారు. కట్టకింతయని కూలి యిచ్చుచు తూకమును చూడకుండుటవలననే రైతునకు నష్టము. మేము పొలమునకు పోగానే కాటా యడుగుదుము, కొందరు నవ్వుదురు. కట్టకు 30 రూపాయలనుకొందము: 20 కిలోలు తూగినచో కిలోకు రూపాయిన్నర, 12 కిలోలే తూగినచో రెండున్నర! కావున మొదటి పది కట్టలను తూచి, వదులుగా నున్నచో యంత్రమును సరిచేయింపుడు. తడి యారని గడ్డిని కట్టింపరాదు. తూకము మోసగించును, పిదప లోపల వేడెక్కి బూజుపట్టును.

కట్టినంతమాత్రమున గడ్డిలో బలము పెరుగదు. స్థలమును బండికూలియు మాత్రము కలిసివచ్చును. చేను ఇంటిచెంతనే యుండి, సొంతపశువులకే మేపువారికి వామి చాలును. దూరమున కమ్మువారు కట్టింపవచ్చును. అట్టి సభ్యులు నలుగురు కలిసి ఒకే దినమున యంత్రమును పిలిపించినచో దాని రాకపోకల ఖర్చును పంచుకొనవచ్చును.