ఇరుకు ఇంట్లో క్రమం

కోల్‌కతా నగరంలో ఖిదిర్‌పూర్ ఓడరేవుకు దగ్గరగా ఏక్‌బాల్‌పూర్ అనే పేట ఉంది. 1892లో ఖిదిర్‌పూర్ డాక్ మొదలైంది. అలాంటి ఓడరేవు పరిసరాల్లో వంట, పడక, చదువు మూడూ ఒకే గదిలో సాగే ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి. గృహ నిర్వహణ పాఠాలు సాధారణంగా నాలుగు గదుల ఇంటిని ఊహించుకొని రాస్తారు. ఆ సూత్రాలు నిజంగా నిలుస్తాయో లేదో చూడాలంటే ఒక గది ఇంట్లోనే చూడాలి.

ముందుగా ఒక విషయం గమనించండి. ప్రశాంతత అంటే నిశ్శబ్దం కాదు. అసలు కోల్‌కతా సందులో నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో తరువాత ఏం జరుగుతుందో అందరికీ ముందే తెలిసి ఉండటం, కావలసిన వస్తువు చేతికి అందటం - ఇదే ప్రశాంతత. 1995లో అమెరికాలో మథేనీ, ఆయన సహచరులు ఇంట్లోని గందరగోళాన్ని కొలవడానికి 15 అంశాల కొలమానం తయారుచేశారు. వస్తువులు అవసరానికి దొరుకుతున్నాయా, ఎప్పుడూ హడావుడేనా, ఉదయం లేవగానే ఒక క్రమం ఉందా వంటివి అందులో ఉన్నాయి. గదులెన్ని అన్న ప్రశ్న మాత్రం లేదు.

ఇక దినచర్య. పనులు రెండు రకాలు: మన చేతిలో లేనివి, మన ఇష్టం మీద జరిగేవి. కుళాయి నీళ్లు రోజులో కొన్ని గంటలే వచ్చే ఇంట్లో నీళ్ల వేళ మొదటి రకం. బడి గంట, తండ్రి షిఫ్టు కూడా అంతే. ముందు వీటిని కాగితం మీద గుర్తించి, మిగిలిన పనులను వాటి మధ్య సర్దాలి. నీళ్లు పట్టే వేళకే బట్టలుతకడం పెట్టుకుంటే మళ్లీ బిందెలు మోయనక్కర లేదు. రంజాన్ నెలలో సహరీ, ఇఫ్తార్ వేళలను బట్టి వంట, నిద్ర అన్నీ జరుగుతాయి. చదువుకునే గంటను కూడా వాటితోపాటే జరపాలి. లేకపోతే ముందుగా మాయమయ్యేది ఆ గంటే.

వస్తువులను రకాన్ని బట్టి కాక, వాడకాన్ని బట్టి ఉంచాలి. రోజూ వాడే డబ్బాలు నడుము నుంచి కంటి ఎత్తు వరకు, ఏడాదికోసారి వాడేవి అటక మీద. పుస్తకాల సంచి, చెప్పులు, గొడుగు వాకిలి పక్కన. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తుచేస్తే కింద ట్రంకుపెట్టెలు పడతాయి. వానాకాలంలో వీధి నీళ్లు లోపలికొచ్చినా పరుపు తడవదు. పెట్టెల్లోని బట్టల సంగతి వేరే చూసుకోవాలి! 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటే షుట్టె-లిహోట్స్కీ రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది కొలత దాదాపు 1.9 మీటర్లు, 3.4 మీటర్లు మాత్రమే. వంట చేసేవారు ఎన్ని అడుగులు నడుస్తున్నారో లెక్కించి, ఆ నడక తగ్గేలా అరలు అమర్చింది ఆమె.

అయితే ఈ క్రమాన్ని ఎవరు మోస్తారు? అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1911లో కోల్‌కతాలో బాలికల పాఠశాల నెలకొల్పిన రుకయా సఖావత్ హుస్సేన్ అంతకుముందే ‘సుగృహిణి’ అనే వ్యాసంలో ఇల్లు దిద్దుకోవడానికి స్త్రీకి రసాయనశాస్త్రం, వైద్యం వంటి జ్ఞానం కావాలని వాదించింది. చదువు మాన్పించి ఇంటిపని నేర్పుతామనేవారికి అది సూటి జవాబు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసిన స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు, పురుషులు 97 నిమిషాలు. ఆ సమయం కొన్ని ఇళ్లలో పదో తరగతి చదివే అక్క పుస్తకం ముందు గడపవలసిన సమయం.

ఒక వారం పాటు మీ ఇంటి పనుల పట్టిక రాయండి: పని, వేళ, పట్టిన నిమిషాలు, చేసినవారి పేరు. రెండో వారం చివరి గడిలో కనీసం రెండు పేర్లు మార్చి చూడండి. మొదటి రెండు మూడు రోజులు బిందె ఒలుకుతుంది, అన్నం మాడుతుంది. పట్టికలో అదీ రాయండి.