స్లాబు పడేలోపు చదవాల్సిన గుర్తులు

హోసూరు: ఇంటి యజమాని తెలుగాయన. మేస్త్రి తమిళుడు. వైరింగు చేసే కుర్రాడు అత్తిబెలె నుంచి వచ్చే కన్నడిగుడు. ప్లానేమో ఇంగ్లీషులో. హోసూరు చుట్టుపక్కల ఇళ్లు కట్టేచోట ఇది మామూలే. అయినా పని ఆగదు. కాగితం మీది సున్నాలు, అరసున్నాలు, కొక్కేల గీతలు అక్కడ అందరికీ తెలిసిన లిపి. తెలియనిది ఒక్క ఇంటాయనకే!

ఆయన చూసేది గదుల కొలతలు, వాస్తు, గుమ్మం ఎటు అన్నదే. పడగ్గది స్విచ్‌బోర్డు తలుపు వెనక్కి పోయిన సంగతి గృహప్రవేశం అయ్యాక గానీ తెలియదు. నిజానికి అది ప్లానులోనే ఉంటుంది. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూపే వంపు గీత పక్కనే స్విచ్ గుర్తు ఉందేమో చూస్తే చాలు. గడియ వైపు ఉండాలి, బందుల వైపు కాదు.

సున్నాలో ఇంటూ గుర్తు వేస్తే దీపం. చిన్న సున్నాకు కొక్కెంలాంటి గీత తగిలిస్తే స్విచ్. కొక్కేలు రెండు వైపులా ఉంటే టూవే, అంటే మెట్ల కింద వేసి పైన ఆర్పుకునేది. గోడకు ఆనుకున్న అరసున్నా ప్లగ్ పాయింటు. అది ఖాళీగా ఉంటే 6 ఆంపియర్లు, నల్లగా నింపితే 16 అని చాలా ప్లాన్లలో వాడతారు. పాతవాళ్లు 5, 15 అనేవి ఇవే. గీజరు దగ్గర ఖాళీ అరసున్నా పడిందా... సన్న వైరు లాగేస్తారు. తర్వాత గోడ కొట్టాల్సిందే.

ఈ గుర్తులకు అంతర్జాతీయంగా ఐఈసీ 60617 ప్రమాణం ఉంది. మన దేశంలో 1985లో వచ్చి, 2011లో, 2023లో సవరించిన జాతీయ విద్యుత్ కోడ్‌లోనూ వీటికి ఓ విభాగం ఉంది. అయినా ఫ్యాను బొమ్మ ఒక్కో ఇంజినీరు దగ్గర ఒక్కోలా ఉంటుంది. అందుకే ప్లాను మూలన గుర్తుల పట్టిక లేకపోతే అడిగి వేయించుకోవాలి.

అమెరికాలో ఉన్న కొడుకో, అల్లుడో పంపిన ప్లానైతే మరీ జాగ్రత్త. అక్కడ ప్లగ్ అంటే రెండు గీతలు దాటిన నిండు సున్నా. స్విచ్‌కు ఎస్ అక్షరం రాస్తారు. ఎస్ పక్కన 3 ఉంటే త్రీవే. అంటే మూడు చోట్ల స్విచ్‌లని కాదు, మన టూవేనే. స్విచ్‌కు వైర్లు బిగించే చోట్లు మూడుంటాయని ఆ పేరు.

ఇదంతా స్లాబుకు ముందే తేలాలి. ఫ్యాన్ బాక్సులు, పైపులు కడ్డీల మధ్య పెట్టాకే కాంక్రీటు పోస్తారు. ‘ఈడ ఇంకో పాయింటు కావల్ల’ అని తర్వాత అంటే గోడ చెక్కడానికి కూలి వేరే.

ఇంకో సంగతి. నేల ప్లానులో పాయింటు ఎక్కడో తెలుస్తుంది గానీ ఎంత ఎత్తులోనో తెలియదు. వంటగట్టు మీద మిక్సీకి, గ్రైండరుకు, హాల్లో టీవీకి ఎన్ని అడుగులో గుర్తు పక్కనే అంకె రాయించుకోవాలి. గోడలు లేచాక ప్లాను చేత పట్టుకుని, సుద్దముక్కతో ఒక్కో గదీ తిరిగి గీయించుకోవడానికి ఓ పూట పడుతుంది. ఆ పూట వంట చేసేవాళ్లనూ వెంట తీసుకెళ్లాలి.