మోటారు సైకిలుపై సామాను: సంచియు, పెట్టెయు నెన్నుకొను విధము

పూర్వము మన గ్రామములలో ధాన్యమును, ఉప్పును మోయుటకు పెరికెద్దు లుండెడివి. ఎద్దు వీపునకు రెండు ప్రక్కల వ్రేలాడు జోడుసంచికి పెరిక యని పేరు. ఒక ప్రక్క బరువు హెచ్చినచో సంచి జారును. ఎద్దు వీపు పుండుపడును. ఈ సంగతి ఎద్దును తోలువానికి ఒకరు చెప్పనక్కర లేకుండెను. నేడు ఆ యెద్దు పనిని మోటారు సైకిలు చేయుచున్నది. ఉదయము పాలకేంద్రమునకు పాలు, తరువాత సంతకు కూరగాయలు, తిరుగుదారిలో సంఘమునుండి ఎరువు, పురుగుమందు, అంగడినుండి పప్పు, ఉప్పు, పిల్లలకు తినుబండారములు: అన్నియు దానిపైననే. బండి కొనునపుడు మైలేజిని, నెలవాయిదాలను పదిమందిని అడిగి తెలిసికొను రైతు, సామాను దేనిలో, ఎక్కడ పెట్టవలయునో ఎవ్వరిని అడుగడు. దుకాణమువాడు చూపిన సంచిని తగిలించుకొని వచ్చును.

సంచిని చూచుటకు ముందు బండి యెంత మోయగలదో చూడవలయును. ఈ లెక్క బండితో నిచ్చిన చిన్న పుస్తకములో నుండును. నూరు సీసీల దినసరి బండ్లలో పెక్కింటికి తోలువానిని, వెనుక కూర్చున్నవానిని, సామానును కలిపి సుమారు 130 కిలోలు మాత్రమే పరిమితి. భర్త 65 కిలోలు, భార్య 55 కిలోలు ఉన్నారనుకొందము. మొత్తము 120. ఇక సామానునకు మిగిలినవి 10 కిలోలే. 2018 నుండి యూరియా బస్తా 45 కిలోలు, డి.ఏ.పి. బస్తా 50 కిలోలు. కనుక ఆలుమగలు ఇద్దరును ఎక్కినపుడు బస్తా ఎక్కరాదు. ఒక్కడే పోయినపుడు ఒక బస్తా పట్టును; రెండవది పట్టదు. పాలవారి సంగతియు నట్టిదే. 40 లీటర్ల పాలు సుమారు 41 కిలోలు తూగును. రెండు ప్రక్కల రెండు నిండు క్యానులు తగిలించినచో పాలే 82 కిలోలు. తోలువాడు 65 కిలోలు. క్యానుల బరువును లెక్కింపకయే పరిమితి దాటినది. ఇరువది లీటర్ల క్యానులు రెండైనచో బండి సుఖముగ మోయును. ఒక విడత ఎక్కువ తిరుగవలసి వచ్చునుగదా యని కొందరందురు. నిజమే. బ్రేకు పట్టనప్పుడు అగు ఖర్చును కూడ వారు లెక్క వేసికొందురుగాక.

బరువు ఎంత యన్నదానికంటె ఎక్కడ నున్నదన్నది ముఖ్యము. కావడి మోయువాడు రెండు గంపలను సమముగ నుంచి, భుజమునకు దగ్గరగ నడచును. బండికిని అదియే న్యాయము. బరువు క్రిందుగను, తోలువానికి దగ్గరగను, రెండు చక్రముల నడుమను ఉండవలయును. మనవారు చేయునది దీనికి వ్యతిరేకము: వెనుక క్యారియరుపై, చక్రపు ఇరుసునకు అవతల, ఎత్తుగ పేర్చెదరు. చక్రముల నడిమి దూరము సుమారు 124 సెంటీమీటర్లున్న బండిపై, 30 కిలోల మూట వెనుక ఇరుసునకు 20 సెంటీమీటర్లు ఆవలికి పోయినచో, ముందు చక్రముపైనుండి దాదాపు 5 కిలోల బరువు లేచిపోవును. ముందు చక్రము తేలికయైనచో హేండిలు వణకును. ఇసుకలోను, తడిమట్టిలోను మాట వినదు. టి.వి.ఎస్. ఎక్సెల్ వంటి మోపెడ్లు పల్లెలలో నిలిచియుండుటకు ఇదియొక కారణమని నా యభిప్రాయము. వానిపై తోలువాని కాళ్ల ముందు చదునైన చోటు ఉన్నది. బస్తా అచట క్రిందుగ, చక్రముల నడుమ కూర్చుండును.

ఈ కారణముచే నిత్యము సామాను మోయువానికి జోడుసంచులే మేలు. కాని వీనిలో రెండు చిక్కులున్నవి. మన దినసరి బండ్లలో చాలవానికి పొగగొట్టము కుడిప్రక్కను, గొలుసు ఎడమప్రక్కను ఉండును. కుడిసంచి పొగగొట్టమునకు తగిలినచో రెగ్జిను కరగును, గోనె మాడును. ఎడమసంచి పట్టీ జారినచో గొలుసులోనో, చక్రపు ఆకులలోనో చిక్కుకొనును; చక్రము నిలిచిపోయి మనిషి పడును. చీర చక్రములో పడకుండ ఎడమప్రక్క వెనుకచక్రమును సగమువరకైన కప్పు అడ్డు ఉండవలెనని చట్టమే చెప్పుచున్నది. దానిని విప్పి పారవేయువారు కలరు. సంచి కట్టువాడు దానిని విప్పరాదు. పైగా కుడిప్రక్క కూడ అట్టి ఇనుపచట్రమొకటి కమ్మరిచేత చేయించుకొని, సంచిని దానికి బిగింపవలయును. చట్రము పొగగొట్టమునకు నాలుగు వ్రేళ్ల దూరమైన ఉండవలెను.

గుడ్డను గురించి. రెగ్జిను చూచుటకు బాగుండును, రెండు వేసవులకు పగులును. కాన్వాసు గట్టిది, వానకు నానును. లోపల ప్లాస్టిక్కు కవరు వేసినచో ఆ కొరత తీరును. ఖాళీ యూరియా సంచులను రెండుపేటలుగ కుట్టించిన జోడుసంచులను నేను సంతలలో చూచితిని; చౌక, దృఢము, కూరగాయలకు గాలియు తగులును. జిప్పున్న సంచి మన దుమ్మునకు పనికిరాదు. మూతగుడ్డ, బకిలు ఉన్నదియే నిలుచును. పాసుపుస్తకము, బండి కాగితములు మొదలగువానికి పెట్రోలు ట్యాంకు కవరుపై నుండు చిన్న జేబు చాలును.

మూతయు తాళమునుగల ప్లాస్టిక్కు పెట్టె పట్టణమునకు రోజు పోవువానికి తగినది; హెల్మెట్టును దానిలో పెట్టి తాళము వేసికొనవచ్చును. వెనుక నెత్తుగ నుండునది కనుక దానిలో తేలికవస్తువులే యుంచవలెను. 2020 లో కేంద్ర ప్రభుత్వము సవరించిన నిబంధనల ప్రకారము ఇట్టి పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించరాదు. వెనుకవాడు కూర్చుండు చోటనే పెట్టె నుంచినచో తోలువాడు తప్ప మరియొకడు ఎక్కరాదు.

ఇంతవరకు చెప్పినది పొరపడినచో నడుమో కాలో విరుగును. పురుగుమందు విషయమున పొరపడినచో ఇంటిల్లిపాదికిని ముప్పు. 1958 లో కేరళమున, ఓడలో పురుగుమందుతోపాటు వచ్చిన గోధుమపిండిని తిని నూరుమందికి పైగ మరణించిరి. మందు కారి పిండిమూటలలో ఇంకినది. మూటలు చూచుటకు మూటలవలెనే యుండెను. ఆ దుర్ఘటన తరువాత 1968 లో క్రిమిసంహారక మందుల చట్టము వచ్చినది. ఆహారమునకును, పశువుల దాణాకును తగులునట్లు ఈ మందులను తరలింపరాదని 1971 నాటి నిబంధనలు విధించినవి. ఓడలో జరిగినది మన జోడుసంచిలో జరుగకుండునా? మందుసీసా, పప్పుపొట్లము, పిల్లవాని బిస్కెట్లు ఒకే సంచిలో, గతుకులబాటపై పదికిలోమీటర్లు ఒరసికొనుచు వచ్చుచున్నవి. సీసామూత వదులగుటకు ఆ బాటయే చాలును.

కాబట్టి మందునకు వేరుగ గట్టిమూతగల చిన్న ప్లాస్టిక్కు డబ్బా నొకదానిని కొనుడు. దానిపై రంగుతో గుర్తు వేయుడు. మరి దేనికిని వాడకుడు. సీసా నిలువుగ నుండునట్లు చుట్టును పాతగుడ్డ కూరి, వెనుక క్యారియరునకు బిగింపుడు. వెనుక పిల్లలు కూర్చుండు దినమున మందు తేకుడు. మందు ఒలికిన గుడ్డసంచిని ఉతికి మరల పప్పునకు వాడు ఆడువారున్నారు. తప్పు వారిది కాదు, అందులో ఏమి ఒలికినదో చెప్పని మగవానిది. అట్టి సంచిని తిరిగి వాడకుడు.

కట్టుటకు కొక్కెముల రబ్బరుతాళ్లు అంగడిలో దొరకును. లాగి కట్టునపుడు కొక్కెము జారినచో నేరుగ కంటికి తగులును. మనవారు వాడు పాత సైకిలు ట్యూబు ముక్కయే మేలు. హేండిలునకు సంచి తగిలించుట ఏ కారణముచేతను కూడదు. మలుపులో అది చక్రమునకు అడ్డుపడును. కట్టిన మూట వెనుక దీపమును, మలుపుదీపములను, నంబరు పలకను కప్పరాదు. ఎరువు తెచ్చిననాడు చట్రమును, క్యారియరును నీటితో కడుగవలెను. లేనిచో ఎరువు చెమ్మను పీల్చి ఇనుమును తినివేయును.

క్రొత్తసంచి బిగించిన తరువాత సగము బరువుతో ఊరిబాటపై రెండు ఫర్లాంగులు మెల్లగ పోయి, బ్రేకు వేసి చూడవలయును. బండి ఒక ప్రక్కకు లాగినచో బరువు సమముగ లేదని యర్థము. వెనుక టైరునకు పుస్తకములో చెప్పిన బరువునాటి గాలి పెట్టించవలెను. ఒంటరిగ పోవునాటి గాలి చాలదు. చట్రపు మరలు మొదటి వారమున వదులగును. పదవదినమున పానాతో ఒకమారు బిగించుకొన్నచో తరువాత నెలకొకసారి చూచిన చాలును.