సూది ఎక్కిన సర్క్యూట్

నర్తకి పాదం కదిపితే గజ్జె పలుకుతుంది. మరి మోచెయ్యి మడిస్తే తొడుక్కున్న చొక్కాయే పలకాలంటే? ఆ పనికి వీలు కల్పించిన చిన్న యంత్రం లిలీప్యాడ్ ఆర్డుయినో. లిలీప్యాడ్ అంటే కలువాకు.

ఒంటి మీద దీపాలు ధరించాలన్న కోరిక పాతదే. 1956లో జపాన్ కళాకారిణి అత్సుకో తనకా రంగురంగుల బల్బులు, వైర్లతో ‘ఎలక్ట్రిక్ డ్రెస్’ తయారుచేసి, తానే తొడుక్కుని ప్రదర్శించారు. అంత బరువుతో, వేడితో నాట్యం సాగదు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో, అంటే ప్రోగ్రాం రాసి సెన్సర్లనూ దీపాలనూ నడిపించే సర్క్యూట్ బోర్డు, చిన్నది, చవకైనది. కానీ దాని గట్టి అంచులూ, వైర్లు గుచ్చే సాకెట్లూ బట్టకు పొసగలేదు.

కొలరాడో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న లియా బ్యూక్లీ ఆ బోర్డునే బట్టకు తగినట్టు మలిచారు. స్పార్క్‌ఫన్ సంస్థతో కలిసి 2007లో దాన్ని లిలీప్యాడ్ పేరుతో మార్కెట్లోకి తెచ్చారు. గుండ్రని బిళ్ల, 5 సెంటీమీటర్ల వ్యాసం, మిల్లీమీటరు కన్నా తక్కువ మందం. చుట్టూ రేకుల్లాంటి అంచులు, ఒక్కో రేకుకు ఒక రంధ్రం. టంకం అక్కర్లేదు, సూది చాలు. వెండి పూత పూసిన నైలాన్ దారమో, స్టెయిన్‌లెస్ స్టీలు పోగుల దారమో వైరు పని చేస్తుంది.

మోచేతి దగ్గర వంపును గుర్తించే సెన్సర్ కుడతారు. చెయ్యి మడిచినకొద్దీ దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఆ మార్పు వోల్టేజీ తేడాగా బోర్డుకు చేరుతుంది. బోర్డు దాన్ని 0 నుంచి 1023 దాకా ఒక అంకెగా చదువుతుంది. అంకెను బట్టి ఎల్ఈడీ వెలుగు హెచ్చుతుంది, లేదా రేడియో ద్వారా కంప్యూటరుకు కబురు వెళ్లి స్వరం మారుతుంది. నర్తకి పాటకు ఆడడమే కాదు, ఆటతో పాటనూ నడిపిస్తుంది.

దీనికి కొత్త బట్టే కావాలని లేదు. పాత జీన్సుకు మందమైన గుడ్డ, దారాన్ని దాచే మడతకుట్లు, బ్యాటరీకి జేబు సిద్ధంగా ఉంటాయి. సాగే బట్టయితే జిగ్‌జాగ్ కుట్టు వేయాలి, లేకుంటే దారం తెగుతుంది. నర్తకి వంగినప్పుడు ప్లస్, మైనస్ దారాలు తాకితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఉప్పు చెమటలోనూ విద్యుత్తు పారుతుంది కాబట్టి లోపల అస్తరు తప్పనిసరి. కుట్టుపని తెలిసిన చేతికి ఇవేవీ కొత్త జాగ్రత్తలు కావు. లిలీప్యాడ్‌తో జరిగిన ప్రాజెక్టుల్లో సగానికి పైగా మహిళలవేనని బ్యూక్లీ, బెంజమిన్ మాకో హిల్ 2010లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది.

అయితే బోర్డును బట్టకు శాశ్వతంగా కుట్టేస్తే, ఒకటి పాడైన రోజున రెండూ చెత్తే. టిచ్ బటన్లతో తగిలిస్తే బట్ట ఉతకవచ్చు, ప్రదర్శన ముగిశాక బోర్డును వేరే దుస్తులకు మార్చవచ్చు. చిరిగిన చీరలను బొంతలుగా కుట్టి వాడుకున్న ఇళ్లు మనవి. పాత బట్టకు మరో జన్మ ఇచ్చేవారు, దాని మీది బోర్డుకూ మరో జన్మ ఉండేలా కుట్టాలి.